తొమ్మిదో లాకు ఊఁ అంటోంది

1. ఉదయం ఏడున్నర

ఆఫీసు చిట్టాలో వైర్‌లెస్ సెట్టులో విన్నదే రాయాలి. మనకు తోచింది రాస్తే మా సెక్షనాఫీసరు కామేశ్వరరావుగారు ఎర్ర గీత పెడతారు. ఆయనకు గీతలంటే ప్రాణం. అందుకని నాకు తోచింది ఈ నోటుపుస్తకంలో రాసుకుంటాను.

పొద్దున్నే మంచినీళ్ళ కాలవలో చెంచా ముంచి ఉప్పు చూశాను. లేదు. కట్ట లోపల ఉన్న తొమ్మిది వేలమందిమీ ఈ ఒక్క కాలవ నీళ్ళే తాగుతాం, అందుకని రోజూ మొదటి చెంచా నాదే. తరవాత కట్టెక్కి సముద్రం చూశాను. తుఫాను నిన్నటికంటే పెరిగింది. నీళ్ళు పదకొండో మెట్టు దాటాయి. మా నాయనమ్మ పుట్టిన ఊరి వాటర్ ట్యాంకు నీళ్ళలోంచి తల మటుకు ఎప్పుడూ కనిపించేది, ఇవాళ అదీ లేదు. ఎర్ర జెండా ఎగరేసి, వచ్చి సెట్టు ముందు కూర్చుని, పధ్నాలుగు లాకుల హాజరు పిలిచాను.

సెట్లు కొత్తవి. వచ్చి ఇరవై రోజులైంది. పాతవాటిలో గాలి, అలలు, దగ్గులు, ఎవరిదో పడవ మోటారు, అన్నీ కలిసి చెవుల్లో గులకరాళ్ళు పోసినట్టుండేది. వీటితో ఆ బాధ లేదు. లాకు తలుపులు ఎత్తి దించే లస్కర్లందరి చేతా రెండేసి పేజీలు చదివించి, వాళ్ళ గొంతులు సెట్టుకు నేర్పారు. మాట కానిదంతా సెట్టు తీసేస్తుంది. మాట ఎక్కడైనా చిరిగితే ఆ మనిషి గొంతుతోనే మాటు వేస్తుంది. "ఇంక మీకు మాటే వినపడుద్ది మేడం, గోల వినపడదు" అన్నాడు బిగించడానికి వచ్చినతను. నిజమే. తుఫాను మధ్యలో నిలబడి మాట్లాడే మనిషి గొంతు కూడా సామాను తీసేసిన ఇంట్లోంచి వచ్చినట్టు వస్తుంది. మొదటిరోజు నాకు ఒళ్ళు జలదరించింది గానీ, తరవాత అలవాటైపోయింది.

తొమ్మిదో లాకు లస్కరు అమ్మిరాజు ఊరి వరసకు నాకు మరిది. హాజరు పిలిస్తే రోజూ "ఉన్నానొదినా, కాఫీ పంపుతావా" అంటాడు. ఇవాళా అన్నాడు. ఆరున్నరకు తనే మళ్ళీ పిలిచాడు.

"వదినా, సంద్రం వైపు తలుపు అడుగున పాత వలేదో సుట్టుకుంది. మూరెడు సందుండిపోయింది. చక్రాల గదిలోకి దిగి విప్పొస్తాను."

"ఒక్కడివే దిగకు. ఇక్కణ్ణించి నూకరాజుని పంపిస్తాను, ఆగు."

"ఆడొచ్చేలోగా నాకు గెడ్డం నెరుస్తది" అని నవ్వి దిగిపోయాడు.

లాకుకు రెండు తలుపులుంటాయి, సముద్రం వైపు ఒకటి, కాలవ వైపు ఒకటి. మధ్యలో పెద్ద తొట్టి. తొట్టి అడుగున, గోడలో, తలుపుల్ని నడిపే చక్రాల గది. ఆ గది తలుపు తొట్టిలోకే తెరుచుకుంటుంది. ఏడు గంటలకు పెద్ద అల వచ్చి ఆ మూరెడు సందు కిందనుంచి తొట్టిలోకి దూకింది. గది తలుపు కొట్టుకుని మూసుకుపోయింది. ఇప్పుడు తొట్టి నిండా నీళ్ళు. అంత బరువు మీద ఉండగా ఆ తలుపును లోపల్నుంచి గానీ బయట్నుంచి గానీ ఎవరూ కదపలేరు. అమ్మిరాజు లోపల ఉన్నాడు.

2. ఎనిమిదింబావు

మనిషి బతికే ఉన్నాడు. సెట్టు మెడలోనే ఉంది.

"తలుపు గుండెల మీద కొట్టిందొదినా. మాటాడితే ఆయాసం..."

"అయితే మాట్లాడకు. ఆ గదిలో గాలి కొంచెమే. నేనడుగుతాను, అవునంటే ఊఁ అను, కాదంటే ఊఁహూఁ అను. అంతకుమించి ఒక్క ముక్క వద్దు. ఊపిరి దాచుకో. బటను నొక్కి పట్టుకోడానికి ఓపిక ఖర్చు పెట్టకు, తుండుగుడ్డతో బిగించి కట్టెయ్యి. ఈ సెట్లో బటను నొక్కి ఉన్నా నా మాట వినపడుతుంది. తెలిసిందా?"

"ఊఁ."

ఎంత తేటగా వచ్చిందో ఆ ఊఁ. పాత సెట్టయితే సగం మింగేసేది. మనసులో కంపెనీవాళ్ళకు దణ్ణం పెట్టుకున్నాను.

అతను భయపడకూడదని అన్నీ మంచి ప్రశ్నలే అడిగాను.

"నీళ్ళు మోకాళ్ళ కిందే ఉన్నాయా?"

"ఊఁ."

"గాలి ఆడుతోందా?"

"ఊఁ."

"నొప్పి కాస్త నయమా?"

"ఊఁ."

"హమ్మయ్య" అన్నాను పైకే. దానికి అతను ఒకదాని వెనక ఒకటి నాలుగుసార్లు ఊఁ, ఊఁ, ఊఁ, ఊఁ అన్నాడు. నాకు ధైర్యం చెబుతున్నాడు పిచ్చిమారాజు. కళ్ళు తుడుచుకుని టైము రాసుకున్నాను.

3. తొమ్మిదిన్నర

కామేశ్వరరావుగారు తడిసిపోయి వచ్చారు. చిట్టా అంతా చూశారు, ఒక్క గీత కూడా పెట్టలేదు.

దారులు రెండే. కాలవ వైపు తలుపును మా గదిలోని మీటతో కూడా ఎత్తొచ్చు. అలా ఎత్తితే తొట్టి పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది, గది తలుపు తెరుచుకుంటుంది. కానీ తొట్టిలోని సముద్రపు నీళ్ళూ, ఆ సందులోంచి ఇంకా వచ్చే నీళ్ళూ మంచినీళ్ళ కాలవలో పడతాయి. ఊరు ఊరంతా నెల రోజులు ఉప్పు తాగాలి. వద్దనుకుంటే, రేపు సాయంత్రం దాకా ఆగాలి. అప్పటికి తుఫాను తగ్గి, ఆటుకు సముద్రం దిగితే, సముద్రం వైపు తలుపే ఎత్తొచ్చు.

ఆయన్ని మెచ్చుకోవాలి. కుర్చీలో కూడా కూర్చోకుండా అన్నారు:

"అతన్నే అడగండి వీరవేణిగారూ. ఉండలేనంటే ఈ క్షణమే కాలవ తలుపు ఎత్తించేస్తాను. మనిషి కంటే ఎక్కువేం కాదు."

నేను మైకు దగ్గరకు తీసుకున్నాను. "అమ్మిరాజూ, రేపు సాయంత్రం దాకా ఆగితే ఊళ్ళో నీళ్ళు పాడుకావు. ఆగగలవా? మొహమాటానికి పోకు. నిజం చెప్పు."

"ఊఁ."

మా ఇద్దరికీ వినపడింది. గదిలో ఉన్న ప్యూనుకు కూడా వినపడింది. కామేశ్వరరావుగారు టోపీ తీశారు. "ఇలాంటి మనుషులుండబట్టే ఈ కట్ట నిలబడింది" అన్నారు. చిట్టాలో ఆయనే స్వయంగా రాశారు: 9.22, తొమ్మిదో లాకు, రేపటి దాకా ఉండగలనన్నాడు.

4. పదకొండున్నర

ఏసుమణక్క వచ్చింది. తెరచాపలు కుడుతుంది, ఒంటరి మనిషి. పాత ముక్కలన్నీ ఏరుకొచ్చి అతికించి సొంతంగా ఓ రేడియో చేసుకుంది. దాంతో మాట్లాడటానికి లేదు, వినటానికే. పొద్దస్తమానం మిషను పక్కన పెట్టుకుని మా లాకుల మాటలన్నీ వింటుంది, రికార్డు కూడా చేసుకుంటుంది. ఎందుకమ్మా అంటే, సినిమాలకెళ్ళేవాళ్ళని ఎవరైనా ఎందుకని అడుగుతారా అంటుంది. ఊళ్ళో చెవుల ఏసుమణి అని పేరు.

చాపగుడ్డ నెత్తిన కప్పుకుని, గుమ్మంలోనే నిలబడి అంది:

"ఈరవేణీ, ఆ పిల్లోడు కాదంటన్నాడే."

"ఏ పిల్లోడు? ఏం కాదన్నాడు?"

"అమ్మిరాజే. నువ్వేవడిగినా ఊఁహూఁ అంటన్నాడు. నా డబ్బాలో అలాగే వినపడతంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అవతల మనిషి ప్రాణాల మీదున్నాడు, ఈవిడ పరాచికాలొకటి.

"నీ డబ్బాలో పోపు వేగిన చప్పుడు తప్ప ఇంకోటి వినపడిందా ఎప్పుడైనా? ఇవి ఎంత ఖరీదైన సెట్లో తెలుసా? తుఫాన్లో పనిచెయ్యడానికే చేశారు వీటిని. నీది చెత్తకుప్పలోంచి ఏరుకొచ్చిన సరుకు."

"గోల ఉంటదమ్మా, లేదనను. కానీ ఆ గోల్లో ఆడి ఊపిరి కూడా వస్తంది."

"అయితే నీ చెవులతోనే విను" అని మైకు తీసుకున్నాను. "అమ్మిరాజూ, నీళ్ళు ఏమైనా తగ్గాయా?"

"ఊఁ."

ఏసుమణక్క మొహం వాడిపోయింది. అంత తేటైన గొంతు ఆవిడ రేడియోలో ఎప్పుడూ విని ఉండదు. సెట్టు వైపు వంగి చూసింది, లోపల మనిషున్నాడేమో అన్నట్టు.

"ఇంత బాగా వస్తదా దీన్లో... అయితే నా డబ్బాదే తప్పేమోలే. అరవయ్యారొచ్చేయి, చెవులు కూడా పోయేయేమో."

వానలోనే వెళ్ళిపోయింది. కాస్త గట్టిగా అన్నాననిపించింది గానీ, ఇవాళ ఎవరి మనసూ కనిపెట్టుకుని కూర్చునే రోజు కాదు.

5. మధ్యాహ్నం రెండుంబావు

అమ్మిరాజు పెళ్ళాం గంగాభవాని క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఎవరికిస్తుంది? బల్ల మీద పెట్టి దాని పక్కనే కూర్చుంది. తరవాత మెల్లిగా చెప్పుకొచ్చింది.

"పొద్దున్న నానా మాటలూ అనేనక్కా. ఇల్లు కారతంది, రేకు మార్చమని పది రోజుల్నించి చెప్తన్నాను. లాకుని కనిపెట్టుకున్నట్టు కొంపని కనిపెట్టుకోవు, ఆ లాకులోనే కాపరం పెట్టుకో పో, అన్నాను. ఏవీ మాటాడకుండా ఎల్లిపోయేడు."

"మొగుడూ పెళ్ళాలన్నాక అననివాళ్ళెవరే."

"ఒక్క మాట అడగనిస్తావా?"

నియమం ప్రకారం బయటివాళ్ళకు మైకు ఇవ్వకూడదు. ఇచ్చాను. ఎలా పట్టుకోవాలో తెలియక, రెండు చేతులతో చెంబు పట్టుకున్నట్టు పట్టుకుంది.

"మావా. నేనే. నామీద ఇంకా కోపంగానే ఉందా?"

కొంచెం ఆలస్యమైంది. తరవాత, స్పష్టంగా, పక్కన కూర్చుని చెప్పినట్టు:

"ఊఁ."

మైకు నా చేతిలో పెట్టేసింది. ఏడవలేదు. క్యారేజీ అక్కడే వదిలేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది. నాకు అమ్మిరాజు మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఈ సమయంలో కూడానా పంతం? లేదు బంగారం అంటే ఏం పోయింది?

6. సాయంత్రం ఐదున్నర

ఇంటికి వెళ్ళలేదు. నా డ్యూటీ అయిపోయినా కుర్చీ ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు.

మూడింటికి అడిగాను, నాలుగింటికి అడిగాను. అన్నిటికీ ఊఁ. నిద్రపోతే నీళ్ళలో జారిపోతాడేమోనని భయం వేసి కథ మొదలుపెట్టాను. మా నాయనమ్మ చెప్పిన పీత కథ. తన కన్నం పోగొట్టుకున్న పీత ఒకటి కనిపించిన ప్రతి కన్నం దగ్గరా ఆగి, ఇది నాదేనా అని అడుగుతూ పోతుంది. చిన్నప్పుడు ఆవిడ చెబుతుంటే మేం ఊఁ కొట్టేవాళ్ళం. ఊఁ ఆగిందంటే పిల్లలు నిద్రపోయారని కథ ఆపేసేది.

"పీత రెండో కన్నం దగ్గరకెళ్ళింది."

"ఊఁ."

"అందులో పామున్నాది."

"ఊఁ."

ఎక్కడా ఆగలేదు. ఒక్క ఊఁ పెద్దదీ కాదు, ఇంకొకటి చిన్నదీ కాదు, అన్నీ ఒకే తూకంలో పడుతున్నాయి. ఆరేడు కన్నాలయ్యాక నాకెందుకో వెన్నులో చలి పుట్టింది. కిటికీ మూసి వచ్చి కూర్చున్నాను. బాగానే వింటున్నాడు, ఇంకేం కావాలి అని నాకు నేనే చెప్పుకుని కథ సాగదీశాను. మా నాయనమ్మ కథలో కన్నాలు పన్నెండే. నేను ఇరవై దాకా పెంచాను.

7. మర్నాడు ఉదయం ఏడు

తెల్లవారగానే భవాని మళ్ళీ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగా ఉంది.

"అక్కా, అన్నది మా మావ కాదు."

"ఏమిటే నువ్వనేది?"

"తొమ్మిదేళ్ళ కాపరం నాది. ఆయనకి కోపమొస్తే అసలు మాటాడడు. అన్నం పెట్టనా అంటే కంచం ముందు కూచుంటాడు తప్ప, ఊఁ అనడు, ఆఁ అనడు. మూడేసి రోజులు మూగోడే. కోపంగా ఉందా అంటే ఊఁ అన్నాడంటే... కోపంగా ఉంటే ఆ ఊఁ ఎక్కణ్ణించి వచ్చింది?"

కుర్చీలో నూకరాజుని కూర్చోబెట్టి, భవానిని అక్కడే ఉండమని, చెప్పులు చేత్తో పట్టుకుని ఏసుమణక్క ఇంటికి పరిగెత్తాను.

ఆవిడ మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. రేడియో కట్టేసి ఉంది. నిన్న నేనన్న మాటలు ఎత్తలేదు, అదే నయం.

"నిన్న పొద్దున్నది పెట్టు అక్కా. ఎనిమిది నుంచీ."

రికార్డు పెట్టింది. ముందంతా హోరు, పోపు చిటపటలు, గాలి. అందులోంచి నా గొంతు వచ్చింది, డబ్బాలో అరిచినట్టు వికారంగా. "గాలి ఆడుతోందా?" తరవాత హోరు. హోరులో ఓ మూలగా మూలుగు. ఊఁ... దాని వెనకే గాలి బుస లాంటిది ఒకటి, మళ్ళీ ఊఁ.

"మళ్ళీ పెట్టు."

ఊఁ-హూఁ.

మూడోసారికి ఇంక సందేహం లేదు. ఊఁహూఁలో కాదన్నదంతా మధ్యలో ఉన్న ఆ హ లోనే ఉంది. హ అంటే మాట కాదు, వట్టి ఊపిరి. మా సెట్టు ఊపిరి తీసేస్తుంది. మిగిలిన రెండు ముక్కల్నీ కలిపి అమ్మిరాజు గొంతుతో చక్కగా మాటు వేసి, ఊఁ అని నాకు అందించింది.

"నొప్పి కాస్త నయమా?" ఊఁహూఁ. ఆ తరవాత నేను హమ్మయ్య అనటం వినపడింది. దాని వెనక ఊఁహూఁ, ఊఁహూఁ, ఊఁహూఁ, ఊఁహూఁ. ఆఖర్న ఒక గుసగుస కూడా ఉంది. గుసగుస కూడా ఊపిరే కాబట్టి నా దాకా రాలేదు. ఏసుమణక్క చెవి దగ్గర పెట్టుకుని విని చెప్పింది:

"కాదొదినా... అంటన్నాడు."

"రేపు సాయంత్రం దాకా ఆగగలవా?" ఊఁహూఁ.

ఇంక వినలేదు. డబ్బా చంకలో పెట్టుకుని వెనక్కి పరిగెత్తాను.

8. తొమ్మిదీ నలభై

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదికి కామేశ్వరరావుగారికి వినిపించాను. ఆయన రెండుసార్లు విన్నారు. "నాకు హోరు తప్ప ఏమీ తెలియటం లేదు వీరవేణిగారూ. ఇక్కడ చిట్టాలో స్పష్టంగా ఉంది. ఈ డబ్బాని నమ్మి తొమ్మిది వేలమంది నోట్లో ఉప్పు కొట్టమంటారా? ఇంకొక్క పూట ఆగితే చాలు కదా" అన్నారు. తప్పు పట్టలేను. నిన్న నేనూ ఇదే అన్నాను, ఇంతకంటే చెడ్డగా.

ఆయన ఇంకా మాట్లాడుతుండగానే లేచి, కాలవ తలుపు మీట ఎత్తేశాను. ఆయన చెయ్యి నా చెయ్యి దాకా వచ్చి ఆగిపోయింది.

పది నిమిషాలు అనుకున్నాం గానీ పావుగంట పట్టింది. నీళ్ళు తగ్గగానే నూకరాజూ ఇంకొకతనూ గునపాలతో తొట్టిలోకి దిగారు. తొమ్మిదో లాకు మా గది కిటికీలోంచి కనిపిస్తుంది. నేను మైకు దగ్గరే ఉండి మాట్లాడుతున్నాను. భవాని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

"అమ్మిరాజూ, మనవాళ్ళు దిగారు. గునపం చప్పుడు వినపడుతోందా?"

"ఊఁ."

"ఇంకొక్క నిమిషం."

"ఊఁ."

గది తలుపు ఊడివచ్చింది. నడుము దాకా నీళ్ళు బయటికి దూకాయి. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

"నూకరాజు కనిపించాడా? నీ దగ్గరికి వచ్చాడా?"

"ఊఁ."

నూకరాజు బయటికి వచ్చి, పైకి, మా కిటికీ వైపు చూసి, తలగుడ్డ తీసేశాడు. భవాని అక్కడే కూలబడిపోయింది. నాకు అర్థమైంది గానీ నోరు ఆగలేదు. మైకులో పిలుస్తూనే ఉన్నాను.

"అమ్మిరాజూ? అమ్మిరాజూ, ఉన్నావా?"

"ఊఁ" అంది సెట్టు, అతని గొంతుతో, ఏ కష్టమూ లేనట్టు.

ఒళ్ళు రాయిలా బిగుసుకుపోయి, చల్లబడిపోయి ఉందని నూకరాజు తరవాత చెప్పాడు. పోయి చాలాసేపైందట. తుండుగుడ్డ ముడి నేను చెప్పినట్టే గట్టిగా బిగించి ఉందట. అది విప్పాకే సెట్టు నోరు మూసింది.

9. పదమూడు రోజుల తరవాత

రోజూ చెంచాతో చూస్తున్నాను. ఉప్పు ఇంకా ఉంది. కూరల్లో వెయ్యక్కర్లేకుండా పోయింది. దీని మీద ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది నాకు.

విచారణ చేశారు. నన్ను వారం రోజులు సస్పెండు చేసి, మళ్ళీ కూర్చోమన్నారు. కూర్చోనన్నాను. ఏసుమణక్క రికార్డు విని, శబ్దం నాణ్యత సరిపోదు కాబట్టి సాక్ష్యంగా తీసుకోలేమని కాగితం ఇచ్చారు. మా సెట్టుది నాణ్యమైన శబ్దం. దాని ప్రకారం అమ్మిరాజు సుఖంగా ఉన్నాడు, రేపటి దాకా ఆగుతానన్నాడు, దొరికే నిమిషం దాకా జవాబు చెప్పాడు. కామేశ్వరరావుగారు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదని విన్నాను.

మనిషి పోయాక కూడా సెట్టు ఊఁ అని ఎందుకందో ఏసుమణక్క చెప్పింది. మనం అడిగాక జవాబు వస్తుందని అది కాచుకుని ఉంటుందట. ఏ నీళ్ళ చప్పుడు వచ్చినా, అందులో జవాబు లాంటిది వెతికి, మనిషి గొంతు తొడుగుతుందట. "దానికీ ఆశేనే" అంది. నాకు జాలి కలగలేదు.

ఇవాళ పొద్దున్న నేను ఏసుమణక్క ఇంట్లో ఉండగా భవాని వచ్చింది. రికార్డు వింటానంది. వద్దన్నాం. వినకుండా కదలనంది. ఎక్కడిది కావాలో అడగక్కర్లేదు కదా, ఏసుమణక్క రెండు గంటల దగ్గర పెట్టింది.

హోరు. చిటపటలు. అందులోంచి భవాని గొంతు: "మావా. నేనే. నామీద ఇంకా కోపంగానే ఉందా?"

హోరు చాలాసేపు సాగింది. తరవాత ఒక ఊపిరి లాగటం వినపడింది, గొంతులో నీళ్ళు గరగరలాడుతున్నట్టు. దాని వెనక ఊఁ. తరవాత ఆ హ వచ్చింది. పొద్దుటి వాటన్నిటికంటే పొడుగ్గా వచ్చింది, ఓపికంతా కూడగట్టుకున్నట్టు. హూఁ.

భవాని కళ్ళు మూసుకుని వింది. "మళ్ళీ పెట్టు పిన్నీ" అంది. ఏసుమణక్క మళ్ళీ పెట్టింది. అలా ఎన్నిసార్లో.

ఆఖరుసారి ఆవిడ ఆపటం మర్చిపోయింది, రికార్డు ముందుకు నడిచింది. నేను మూడింటికి అడగటం వచ్చింది. జవాబుగా నీళ్ళు గోడకు కొట్టుకునే చప్పుడు. నాలుగింటికి అడగటం వచ్చింది. నీళ్ళు. పీత కథ మొదలైంది. నేను చెప్పి ఆగుతున్నాను, నీళ్ళు కొట్టుకుంటున్నాయి, నేను సంతోషంగా ముందుకు చెబుతున్నాను. ఊపిరి ఎక్కడా లేదు. ఏసుమణక్క గబుక్కున కట్టేసింది.

"రెండు దాటేక ఏవీ రాపోతే, డబ్బా పాడైందనుకున్నానే" అని కొంగు నోట్లో కుక్కుకుంది. పాడైందని చెప్పినదాన్ని నేనే. ఆవిడ పదకొండున్నరకు వచ్చింది. అప్పుడు మీట ఎత్తి ఉంటే, పన్నెండుకల్లా అమ్మిరాజు మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా ఇలాగే వస్తోంది.

భవాని నా వైపు తిరిగింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవాలనే కూర్చున్నాను.

"నేనడిగేక ఇంక మాటాడలేదు కదక్కా?"

"లేదే. ఆ తరవాతంతా సెట్టే."

"నువ్వు చానా అడిగేవు కదా?"

"చాలా అడిగాను."

లేచి, ఏసుమణక్క డబ్బాని కొంగుతో తుడిచి, బల్ల మీద సరిగ్గా పెట్టింది.

"నేనడిగినదానికి మటుకు ఆయనే చెప్పేడు" అని వెళ్ళిపోయింది.